సెట్టు సరే, రేకు మాటేమిటి?

ఏప్రిల్ 15న వేట ఆగిందంటే జూన్ 14 దాటేదాకా మన తూర్పు తీరంలో మరబోటు కదలదు. మొత్తం 61 రోజులు. ఆ రోజుల్లో విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి వచ్చినవాళ్లు వరసగా కట్టేసి ఉన్న బోట్లను చూసి, పాపం వీళ్లకి పనుల్లేవు కాబోలు అనుకుంటారు. నిజానికి ఏడాది మొత్తంలో చేతికి తీరిక దొరకనిది అప్పుడేనండీ. ఒక బోటు మీద పలకల సందుల్లో దూది కూరుతుంటారు. పక్క బోటులో ఇంజన్ విప్పి, ముక్కముక్కా డీజిల్లో కడిగి, గోనె మీద ఆరబెడుతుంటారు. ఒడ్డున వలలు బాగుచేసేవాళ్లు, రంగులేసేవాళ్లు, వాళ్లందరికీ టీలు మోసే కుర్రాడు. ఈ హడావుడిలో ఎక్కడో ఒక వీల్‌హౌస్‌లో కొత్త అట్టపెట్టె తెరుచుకుంటుంది. అందులో వీహెచ్‌ఎఫ్ సెట్టు.

ఇక చూడాలి ముచ్చట. సెట్టు చేతులు మారుతుంది. ఒకరు మైకు తీగ సాగదీసి వదులుతారు. ఇంకొకరు బటన్లు నొక్కి చూస్తారు, కరెంటు ఇవ్వకుండానే. బోటు ఓనరు దాన్ని తువ్వాలుతో ఒకసారి తుడుస్తాడు, అప్పటికి దాని మీద దుమ్మే లేదు. పెట్టె అడుగున ప్లాస్టిక్ కవర్లో ఒక వంచిన రేకు, రెండు నాబ్‌లు, నాలుగు స్క్రూలు, కొన్ని వాషర్లు ఉంటాయి. వాటి వంక ఎవరూ చూడరు. సెట్టు బిగించే వేళకి ఆ కవరు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది.

ఇవాళ్టి కబుర్లు ఆ రేకు గురించే. సెట్టు గురించి చెప్పడానికి దాని కంపెనీ ఉంది, పుస్తకం ఉంది, అమ్మేవాడు ఉన్నాడు. పాపం ఈ బ్రాకెట్ రేకు తరఫున మాట్లాడేవాడు లేడు.

సముద్రంతో పనిలేని వాళ్ల కోసం సెట్టు సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఒడ్డు దాటి కొంత దూరం పోయాక మన సెల్‌ఫోన్లో గీతలు మాయమవుతాయి. అక్కడి నుంచి బోటుకీ బోటుకీ, బోటుకీ ఒడ్డుకీ మాట నడిపేది ఈ వీహెచ్‌ఎఫ్. గోడకో కప్పుకో బిగించే రకం గరిష్ఠంగా 25 వాట్లతో మాట పంపుతుంది. చిన్న దూరాలకి 1 వాటుకి తగ్గించుకోవచ్చు. ఛానెల్ 16, అంటే 156.8 మెగాహెర్ట్జ్, ప్రపంచంలో ఏ సముద్రంలోనైనా ఆపద చెప్పుకోడానికీ, ముందుగా పలకరించుకోడానికీ. పలకరింపు అయ్యాక వేరే ఛానెల్‌కి పోవాలి. పోతున్నారా అని అడక్కండి. ఏ వలకి ఏం పడింది, ఇంటి దగ్గర పెళ్లి సంబంధం ఎంతదాకా వచ్చింది, ఇవన్నీ నడుస్తుంటాయి. చేప ఎక్కడ పడుతోందన్నది మాత్రం ఎవరూ నోరు జారరు.

ఇప్పుడు రేకు దగ్గరికి వద్దాం. అడుగున ఒక పట్టీ, రెండు చివరలా రెండు కాళ్లు, ఇంగ్లీషు యు అక్షరంలా ఉంటుంది. ఆ రెండు కాళ్ల మధ్య సెట్టు ఉయ్యాల బల్లలాగా వేలాడుతుంది. పక్కల నుంచి రెండు నాబ్‌లు తిప్పి బిగిస్తే ఏ వంపులో కావాలంటే ఆ వంపులో నిలుస్తుంది. బల్ల మీద పెట్టొచ్చు, తిరగేసి కప్పుకి వేలాడదీయొచ్చు, కావాలంటే గోడకీ కొట్టొచ్చు. బొమ్మలో చూస్తే ఇంత సులువైన వస్తువు ఇంకోటి ఉండదు. కానీ ఆ బొమ్మ గీసినవాడు కప్పునీ బల్లనీ తిన్నటి గీతగా గీశాడు. బోటులో తిన్నటి గీత ఎక్కడుంది చెప్పండి?

వీల్‌హౌస్ కప్పు ఏ బోటుకైనా కాస్త వంపుగానే ఉంటుంది, నీళ్లు రెండు పక్కలకీ జారిపోవాలి కదా. కింద నుంచొని చూస్తే ఆ వంపు కంటికి పెద్దగా కనబడదు. రేకు పట్టీని కప్పుకి ఆనించి చూడండి, అప్పుడు బయటపడుతుంది. రెండు చివరలూ తగులుతాయి, మధ్యలో రెండు మూడు మిల్లీమీటర్ల సందు మిగులుతుంది. "ఇంతేగా, స్క్రూ బిగిస్తే అదే లేచిపోద్ది" అంటాడు బిగించేవాడు. లేస్తుంది కూడా. మధ్య స్క్రూలు బిగించేకొద్దీ పట్టీ పైకి వంగి కప్పుకి అతుక్కుంటుంది. పట్టీ అలా వంగగానే కిందికి వేలాడే కాళ్లు రెండూ లోపలికి ముడుచుకుంటాయి. ఇప్పుడు సెట్టు వాటి మధ్య దూరదు.

తర్వాత జరిగేది ఊహించగలరు. స్క్రూడ్రైవర్ పెట్టి కాళ్లని విడదీస్తారు. సెట్టుని నెడతారు. కొత్త సెట్టుకి రెండు పక్కలా గీతలు పడతాయి. నాబ్ ఎలాగోలా ఎక్కుతుంది, కానీ కాలు ఏటవాలుగా ఉండడం వల్ల నాబ్ కింద రబ్బరు వాషరు ఒక అంచు మీదే ఆనుతుంది. ఒడ్డున ఉన్నప్పుడు అది గట్టిగానే ఉన్నట్టు అనిపిస్తుంది. డీజిల్ ఇంజను రాత్రీ పగలూ కొడుతూ ఉంటే, ఒక అంచు మీద ఆనిన బిగింపు ఎన్నాళ్లుంటుంది? సెట్టు నెమ్మదిగా తల వాలుస్తుంది. వాలిన సెట్టు తెర మీద అంకెలు కనబడవు. డ్రైవరు ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని రెండో చేత్తో దాని గడ్డం ఎత్తి చూస్తుంటాడు. (మన హార్బర్లో బోటు నడిపేవాడిని డ్రైవరనే అంటారు. సరంగన్న మాట కూడా వినబడుతుంది.) కొన్నాళ్లకి నైలాన్ తాడు ముక్క వస్తుంది, సెట్టుని కప్పుకి కట్టేస్తారు. అలా తాడుతో కట్టిన సెట్లు మన దగ్గర ఎన్నో చూడొచ్చు. అందులో సెట్టు తప్పేమీ లేదు.

ఈ చిక్కుని అలవోకగా విప్పేది పడవ వడ్రంగి. ఎలక్ట్రీషియన్ చూపు తీగల మీద ఉంటుంది, వడ్రంగి చూపు చెక్క మీద. ఒకాయన పని నేను దగ్గర నుంచొని చూశాను. రేకుని చేత్తో తిప్పి చూసి, "దీన్ని వంచకూడదు బాబూ, కప్పుకి పీట ఎయ్యాలి" అన్నాడు. అంగుళం మందం టేకు ముక్క తీసుకున్నాడు. రేకు కన్నా అన్ని వైపులా రెండు వేళ్లు ఎక్కువ ఉండేలా కోశాడు. దాన్ని కప్పుకి ఆనించి పట్టుకుని, పెన్సిల్ని పడుకోబెట్టి కప్పు వెంటే జరుపుకుంటూ పోయాడు. కప్పు వంపు ఎలా ఉందో అలాగే చెక్క అంచు మీద గీత పడింది. టేపు తీయలేదు, లెక్క కట్టలేదు. ఆ గీత దాకా చిత్రిక పట్టి మళ్లీ ఆనించాడు. వెలుతురు ఎక్కడ దూరుతోందో చూశాడు, అక్కడ ఇంకో రెండు తోపులు తోశాడు. పై ముఖం కప్పుకి అతుక్కుంది. కింది ముఖం తిన్నగా ఉంది. రేకు ఆ తిన్నటి ముఖం మీద కూర్చుంది, దాని కాళ్లు తిన్నగా వేలాడాయి.

పీటలో ఇంకో లాభం ఉంది, మొదట నాకూ తట్టలేదు. కప్పు కింద దూలాలుంటాయి కదా. రేకుని రెండు దూలాల మధ్య కప్పుకి తగిలిస్తే సెట్టు దూలాల సందులోకి పోతుంది. చూడ్డానికి భలేగా ఇమిడిపోయినట్టుంటుంది. తీరా నాబ్ తిప్పబోతే నాబ్‌కీ దూలానికీ మధ్య వేళ్లు పట్టవు. "సెయ్యి ఎల్లట్లేదు బాబూ" అంటూ పట్టకారు పెడతారు. ప్లాస్టిక్ నాబ్ మీద పట్టకారు పెడితే దాని పళ్లూడిపోతాయి. పీట మందంతో సెట్టు దూలాల కన్నా కిందికి దిగుతుంది, నాబ్ చుట్టూ చేతికి చోటొస్తుంది. రేకు కొట్టేముందే చెయ్యి పెట్టి చూసుకుంటే ఈ తిప్పలుండవు. నాబ్ పక్కన కనీసం మూడు వేళ్ల సందు ఉండాలని నేనంటాను. చలికాలం తెల్లవారుజామున తడిచేత్తో తిప్పాల్సింది కూడా ఆ నాబ్‌నే.

అన్నట్టు, మరీ కిందికి దింపినా కష్టమే. మన బోట్ల వీల్‌హౌస్‌లు ఎత్తు తక్కువ. కెరటానికి బోటు ఒరిగినప్పుడు నుదురు వెళ్లి తగిలేది ఆ సెట్టు మూలకే. సెట్టు వేసిన చోటు డ్రైవరు నుదుటి మీద తెలుస్తుంటుంది.

అసలు రేకు ఎలా కొట్టాలన్నది రెండో మాట. ఎక్కడ కొట్టాలన్నది ముందు తేలాలి. దీని మీద ప్రతి బోటులో ఓనరుకీ డ్రైవరుకీ వాదన తప్పదు. ఓనరుకి సెట్టు భద్రం ముఖ్యం. వెనక గోడకి, అలమర పక్కన, తాళం వేసుకునేలా ఉంటే ఆయన నిద్రపోతాడు. డ్రైవరుకి చెయ్యి అందడం ముఖ్యం. నా ఓటు డ్రైవరుకే. స్టీరింగు వదలకుండా, ముందు అద్దంలోంచి చూపు తిప్పకుండా మైకు చేతికి రావాలి. సముద్రంలో సాయం అడిగే అవసరం వచ్చినప్పుడు స్టీరింగు వదిలే వీలు ఎప్పుడూ ఉండదు.

చెయ్యి తర్వాత చెవి. సెట్టు స్పీకరు ముందు వైపు ఉంటుంది, అది మనిషి వైపు తిరిగి ఉండాలి. మూల గదిలో పెట్టిన సెట్టుకి ఎంత శక్తి ఉన్నా వినేవాడు లేకపోతే ఏం లాభం? 1912లో టైటానిక్ మునిగిన రాత్రి కాలిఫోర్నియన్ అనే ఓడ దానికి దగ్గరలోనే ఆగి ఉంది. దాంట్లో వైర్‌లెస్ ఉంది, కానీ ఉన్న ఒక్క ఆపరేటరూ సెట్టు ఆపేసి పడుకున్నాడు. టైటానిక్ పిలుపు ఆ ఓడలో తెల్లవారాక గానీ ఎవరికీ తెలియలేదు. దూరాన ఉన్న కార్పేథియా విని వచ్చింది. ఆ తర్వాతే పెద్ద ఓడల మీద రేయింబవళ్లు ఎవరో ఒకరు వింటూ ఉండాలని అంతర్జాతీయంగా నియమం పెట్టారు. మన బోటులో ఆ పనికి వేరే మనిషి ఉండడు. స్టీరింగు పట్టినవాడి చెవే దిక్కు. ఇంజను మోతలో వినబడకపోతే విడిగా ఒక చిన్న స్పీకరు కొని అతని తల పక్కన పెట్టండి, సెట్టు వెనక దానికి సాకెట్టు ఉంటుంది. కొన్ని సెట్లకి రెండో మైకు కూడా తగిలించుకోవచ్చు. సెట్టు ఓనరు చెప్పిన అలమర పక్కనే ఉంటుంది, మైకూ మీటలూ డ్రైవరు దగ్గరుంటాయి. ఇద్దరికీ రాజీ కుదురుతుంది, డబ్బు మాత్రం కాస్త ఎక్కువ పడుతుంది.

ఇంకొకటి చూసుకోవాలి, దీన్ని చాలామంది మరిచిపోతారు. కొత్త సెట్ల మీద ఎర్ర బటనుంటుంది, పొరపాటున తగలకుండా దాని మీద చిన్న మూత. ఆ మూత ఎత్తి బటను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే, మనం నోరు విప్పకుండానే సెట్టు ఛానెల్ 70 మీద ఆపద సంకేతం పంపుతుంది. జీపీఎస్ తీగ కలిపి ఉంటే బోటు ఎక్కడుందో కూడా పంపుతుంది. బాగానే ఉంది. ఇప్పుడు సెట్టుని దూలం కిందికి నొక్కి పెట్టి, ఆ మూత ఎత్తి చూడండి. కొన్ని చోట్ల సగం లేచి దూలానికి తగిలి ఆగిపోతుంది! రేకు కొట్టకముందు సెట్టుని చేత్తో పట్టుకుని ఆ మూత పూర్తిగా లేస్తోందా అని చూసుకోడానికి నిమిషం పట్టదు.

కంపాసు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. స్పీకర్లో అయస్కాంతం ఉంటుంది, సెట్టులోనూ కొన్ని మైకుల్లోనూ స్పీకర్లుంటాయి. కంపాసుకి ఎంత దూరంలో పెట్టాలో సెట్టు పుస్తకంలో సెంటీమీటర్లతో సహా రాసి ఉంటుంది. ఆ పేజీ దాకా ఎవరు చదువుతారంటారా, అయితే సెట్టుని కంపాసు దగ్గరికి నెమ్మదిగా జరుపుతూ ముల్లు వంక చూడండి. కదిలిందంటే అంత దగ్గర పనికిరాదు. "జీపీఎస్ ఉండగా కంపాసెవడు చూస్తాడండీ" అని కుర్రాళ్లు నవ్వుతారు. జీపీఎస్‌కి కరెంటు కావాలి, కంపాసుకి అక్కర్లేదు. ఆ ఒక్క కారణానికి నేను కంపాసు పక్షం.

సెట్టు ముందు వైపు కన్నా వెనక వైపు పేచీ ఎక్కువ. వెనక నుంచి యాంటెన్నా కేబుల్ వస్తుంది. మందం కేబుల్, ఆర్‌జీ 213 అనేది, సుమారు 10 మిల్లీమీటర్ల లావు. దాన్ని అయిదు సెంటీమీటర్ల వ్యాసార్ధం కన్నా బిగువుగా ముడిచి తిప్పకూడదు. ముడిస్తే లోపలి తెల్లటి పొర నలిగి, మధ్యలో ఉండే తీగ పక్కకి జరుగుతుంది. పైకి ఏమీ కనబడదు, మాట మాత్రం దూరం పోదు. ప్లగ్గు పొడవూ వంపుకి కావలసిన చోటూ కలిపితే సెట్టు వెనక జానెడులో సగమైనా ఖాళీ ఉండాలి. గోడకి ఆనించి పెడితే చక్కగా ఉంటుందని ముచ్చటపడేవాళ్లకి ఈ సంగతి రేకు కొట్టాక తెలుస్తుంది. అప్పుడు కేబుల్ని బలవంతంగా మడిచి నెట్టేస్తారు. ఆ గోడకి గుండ్రంగా రంధ్రం చేసి కేబుల్ని తిన్నగా అవతలికి పంపితే పోయేదానికి!

సన్న కేబుల్ వేస్తే వంగుతుంది కదా అంటారు. వంగుతుంది. కానీ ఆర్‌జీ 58 అనే సన్న రకంలో ఎనిమిది మీటర్ల దూరానికే శక్తిలో సుమారు మూడో వంతు కేబుల్లోనే అరిగిపోతుంది, 25 వాట్లు బయల్దేరితే యాంటెన్నాకి చేరేది పదిహేడు, పద్దెనిమిది. మందందైతే ఇరవైకి పైనే చేరుతాయి. సెట్టు దగ్గర మాత్రం ఒక చిన్న సన్న ముక్క వేసి, ఆపైన లావుది వేసుకునే పద్ధతి ఒకటుంది. జాయింటు బాగా కుదిరితే అది మంచి ఉపాయమే. కుదరకపోతే ఉప్పు గాలి ముందుగా వెతుక్కుంటూ వచ్చేది ఆ జాయింటునే. సాగదీసి చుట్టే రబ్బరు టేపు దొరుకుతుంది, చుట్టాక తనలో తను అతుక్కుపోతుంది. మామూలు నల్లటేపు ఒక్క వానాకాలం ఓర్చుకుంటే గొప్ప.

కప్పుకి వేలాడే సెట్టుకి ఇంకో గండం నీళ్లు. సెట్టు నీటికి ఓరుస్తుందని పెట్టె మీద రాసి ఉంటుంది, నిజమే. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోదని అర్థం. కానీ వెనక ప్లగ్గులకి ఆ హామీ లేదు. యాంటెన్నా కేబుల్ కప్పు రంధ్రంలోంచి దిగుతుంది, దాని వెంట వానచుక్క కూడా దిగుతుంది. కేబుల్ తిన్నగా సెట్టులోకి పోతే చుక్క కూడా అక్కడికే పోతుంది. అందుకని కేబుల్ని సెట్టు కన్నా కిందికి వదిలి, మళ్లీ పైకి తెచ్చి తగిలించాలి. చుక్క కింది వంపులో ఆగి నేల మీద రాలుతుంది.

స్క్రూల దగ్గర ఎక్కువసేపు ఆగను. చెక్క కప్పయితే పీటని పొడుగు స్క్రూలతో దూలంలోకి పట్టించి, రేకుని పీటకి బిగిస్తే చాలు. ఫైబర్ కప్పుకి స్క్రూ పనికిరాదు. ఆ పల్చటి పొరలో మర నాలుగు రోజులు పట్టి ఊరుకుంటుంది. కప్పు ఇవతల నుంచి అవతలకి బోల్టు వేసి, పైన చిన్న చెక్కో రేకో అడ్డం పెట్టి, నైలాన్ చుట్టు ఉన్న నట్టు బిగించాలి. రంధ్రంలో సీలెంటు నిండుగా పెట్టాలి. ఇనప స్క్రూ మాట తలవకండి. స్టెయిన్‌లెస్‌లో కూడా 316 రకం దొరికితే అదే తీసుకోండి, 304 ఉప్పు గాలికి కొన్నాళ్లకి టీ రంగు మచ్చలు తేలుతుంది.

తీగల సంగతి మాత్రం వదలలేను, ఎందుకంటే దాని నేరం కూడా సెట్టు మీదే పడుతుంది. "వినబడుతోంది గానీ మనం మాట్లాడితే ఎవరికీ వినబళ్లేదు, సెట్టు పోయింది" అని తెచ్చి షాపులో పడేస్తారు. షాపు బల్ల మీద అది హాయిగా మాట్లాడుతుంది. ఏమవుతుందంటే, వినేటప్పుడు సెట్టు ఆంపియరు కూడా తీసుకోదు, మాట్లాడేటప్పుడు పూర్తి శక్తిలో అయిదారు ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ నుంచి సెట్టుకి ఆరు మీటర్ల దూరం, పోనూ రానూ పన్నెండు మీటర్ల తీగ అనుకోండి. 1 చదరపు మిల్లీమీటరు తీగ వేస్తే మాట్లాడే క్షణంలో వోల్టు పైన దారిలోనే పోతుంది. 2.5 తీగ వేస్తే పోయేది అర వోల్టు. మైకు మీట నొక్కగానే తెర వెలుగు తగ్గిందంటే తీగనే అనుమానించండి. తీగని లైట్ల బోర్డు నుంచి కాకుండా బ్యాటరీ నుంచే నేరుగా తేవాలి, ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి. 24 వోల్టుల బోటయితే మధ్యలో కన్వర్టరు పెట్టకుండా 12 వోల్టుల సెట్టుకి తగిలించారంటే, ఇక రేకూ అక్కర్లేదు పీటా అక్కర్లేదు.

ఇదంతా చేసి యాంటెన్నాని వీల్‌హౌస్ చూరుకి కట్టేవాళ్లున్నారు. వీహెచ్‌ఎఫ్ మాట దాదాపు కంటి చూపులాగే తిన్నగా పోతుంది, సముద్రపు గుండ్రం దాటి కిందికి దిగదు. అందుకని వాట్ల కన్నా ఎత్తు ముఖ్యం. మోటు లెక్క ఒకటుంది. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని సుమారు నాలుగుతో గుణిస్తే దాని చూపు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. తొమ్మిది మీటర్ల ఎత్తులో ఉంటే పన్నెండు కిలోమీటర్లు. అవతలి బోటుది కూడా అంతే ఎత్తయితే రెండూ కలిపి ఇరవై నాలుగు, అంటే దగ్గర దగ్గర 13 నాటికల్ మైళ్లు. రెండింటినీ నాలుగు మీటర్లకి దింపితే పదహారు కిలోమీటర్లు, 9 మైళ్లు కూడా రావు. పొడుగు యాంటెన్నా అయితే ఇంకా దూరం పోతుందని అమ్మేవాడు చెబుతాడు. నిశ్చలంగా ఉన్న పెద్ద ఓడకి అది నిజం. మన బోటు ఊగుతుంది. ఆ పొడుగు, ఆరు డెసిబెల్ రకం తన బలాన్నంతా పల్చటి పొరలా దిగంతం వైపే పంపుతుంది, బోటు ఒరిగినప్పుడు ఆ పొర ఒక పక్క నీళ్లలోకీ ఒక పక్క ఆకాశంలోకీ పోతుంది. మీటరు పొడవు మూడు డెసిబెల్ యాంటెన్నా వీలైనంత ఎత్తులో ఉంటే ఊగే బోటుకి అదే మేలు. యాంటెన్నా తగిలించకుండా మాత్రం మైకు మీట నొక్కకండి, సెట్టులో శక్తి పంపే భాగం కాలిపోవచ్చు.

ఒడ్డు నుంచి ఎంతో దూరం పోయే బోట్లకి ఈ వీహెచ్‌ఎఫ్ ఒక్కటే చాలదనుకోండి. అక్కడ ఉపగ్రహం ద్వారా పలికే సాధనాలు కావాలి, ఇస్రో తయారుచేసిన డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్ అలాంటిదే. అలలూ, చేపలుండే చోట్లూ చెప్పే ఇన్‌కాయిస్ సంస్థ చూస్తే హైదరాబాద్‌లో, ప్రగతినగర్‌లో ఉంది. సముద్రం కనబడని ఊళ్లో కూర్చుని సముద్రం సంగతి చెబుతారు. నాకు ఇప్పటికీ అది తలుచుకుంటే సరదాగానే ఉంటుంది.

బిగింపు అయ్యాక ఇంకా కాగితం పని ఉంది. సెట్టుకి కేంద్ర టెలికం శాఖ వాళ్ల లైసెన్సు తీసుకోవాలి, దానితో తొమ్మిది అంకెల ఎంఎంఎస్ఐ నంబరు వస్తుంది. మన దేశానిది 419తో మొదలవుతుంది. అది ఎక్కిస్తేనే ఎర్ర బటను పనిచేస్తుంది. చాలా సెట్లు ఆ నంబరుని ఒకటి రెండు సార్లకి మించి ఎక్కించనివ్వవు, తప్పు కొడితే మళ్లీ డీలరు దగ్గరికి మోయాల్సిందే. అందుకే ఒకరు చదవండి, ఒకరు కొట్టండి, మూడోవాడు చూడండి. ఎర్ర బటను పనిచేస్తోందో లేదోనని సరదాకి నొక్కకండి, ఆ సంకేతం విని నిజంగానే ఎవరో బయల్దేరతారు. పక్క బోటు వాడితో ముందే ఒక ఛానెల్ మాట్లాడుకుని, 1 వాటులో ఒకసారి, 25లో ఒకసారి పలకరించుకుంటే చాలు. ఫోను అందే దూరంలో ఉన్నంతసేపూ కోస్ట్‌గార్డ్ నంబరు 1554 ఎలాగూ ఉంది, దాన్ని సెట్టు పక్కన రంగుతో పెద్దగా రాయించండి.

ఇంకొక్క ముక్క. వేట లేని రోజుల్లో చాలామంది సెట్టు విప్పి ఇంటికి పట్టుకుపోతారు, మంచి పనే. రేకు కప్పుకే ఉంటుంది, నాబ్‌లు జేబులోకి పోతాయి. జేబులోంచి ఎక్కడికి పోతాయో ఎవరికీ తెలీదు. జూన్ 14 సాయంత్రం, ఐసు ఎక్కించే తొందరలో, సెట్టు చేతిలో పట్టుకుని నాబ్‌ల కోసం బోటంతా గాలించేవాళ్లు కనబడుతుంటారు. విప్పిన నాబ్‌లని సెట్టుకే తిరిగి తగిలించి తీసుకెళ్లండి. వాషర్లతో సహా.